256వ ఇరుసు

గూడ్సుబండి వెళ్తుంటే పెట్టెలు లెక్కపెట్టడం పట్టాల పక్కన పెరిగిన పిల్లలందరికీ తెలిసిన ఆట. జంషెడ్‌పూర్‌లో టాటానగర్ జంక్షన్‌ను ఆనుకుని ఉండే పర్సుడీహ్‌లో ఈ ఆటకు కొదవ లేదు. నోవాముండి, గువా గనుల ఇనుప ఖనిజం, ఝరియా వైపు బొగ్గు, కర్మాగారం నుంచి బయటికి పోయే ఉక్కు, అన్నిటికీ దారి రైలు పట్టాలే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలూ ఒకటి, రెండు, మూడు అని తెలుగులోనే ఈ పెట్టెలు లెక్కపెట్టి ఉంటారు.

బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్లయితే ఒక రేక్‌కు మామూలుగా 58 ఉంటాయి. ఒక్కో వ్యాగన్‌కు 4 ఇరుసులు, అంటే 232. ముందు రెండు డబ్ల్యూఏజీ-9 ఇంజన్లు తగిలిస్తే ఒక్కోదానికి ఆరేసి చొప్పున 12. చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యాన్‌కు 4. మొత్తం 248. ఇంకో రెండు వ్యాగన్లు కలిపితే సరిగ్గా 256.

ఈ 256 అనే సంఖ్యను స్విట్జర్లాండ్ రైల్వే నియమావళి పేరుపెట్టి నిషేధించింది. అక్కడ రైలుకు 254 ఇరుసులు ఉండొచ్చు, 258 ఉండొచ్చు, 256 మాత్రం ఉండకూడదు. కారణం పట్టాలకు బిగించే లెక్క యంత్రం. రైల్వేవాళ్లు దాన్ని యాక్సిల్ కౌంటర్ అంటారు. లైనును సెక్షన్లుగా విడగొట్టి, ప్రతి సెక్షన్‌కూ ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి చొప్పున చక్రాలను పసిగట్టే పరికరాలు పెడతారు. లోపలికి వచ్చిన ఇరుసులను కూడుతూ, బయటికి పోయినవాటిని తీసివేస్తూ యంత్రం ఒక లెక్క ఉంచుకుంటుంది. లెక్క సున్నా అయితే లైను ఖాళీ, వెనక బండిని వదలొచ్చు. ఆ లెక్క దాచుకునే గడి 8 బిట్లదైతే అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 255. 256వ ఇరుసు లోపలికి రాగానే గడి సున్నాకు తిరుగుతుంది. అరకిలోమీటరు పైబడిన బండి పట్టాల మీదే నిలబడి ఉంటుంది, యంత్రం మాత్రం లైను ఖాళీ అంటుంది.

మన దగ్గర బండ్ల పొడవు ఏటికేడు పెరుగుతోంది. 2025 ఆగస్టు 7న రుద్రాస్త్ర అనే గూడ్సుబండిని ఉత్తరప్రదేశ్‌లోని గంజ్‌ఖ్వాజా నుంచి జార్ఖండ్‌లోని గఢ్వా రోడ్ దాకా నడిపారు. 354 వ్యాగన్లు, 7 ఇంజన్లు, నాలుగున్నర కిలోమీటర్ల పొడవు. వ్యాగన్ల ఇరుసులే 1,416. ఈ సంఖ్యను 8 బిట్ల గడిలో పోస్తే 5 చుట్లు తిరిగి 136 దగ్గర ఆగుతుంది. భారతీయ రైల్వేల సిగ్నల్ ఇంజనీర్లకు ఇలాంటి యంత్రాల గురించి పాఠాలు చెప్పే ఇరిసెట్ సంస్థ సికింద్రాబాద్‌లో 1957 నుంచి ఉంది. ఎన్ని ఇరుసులు లెక్కపెట్టగలదన్నది అలాంటి యంత్రం గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న.

కంప్యూటర్లో సంఖ్య తనకిచ్చిన గడిలో పట్టకపోవడాన్ని ఓవర్‌ఫ్లో అంటారు. తెలుగులో పొంగిపొర్లడం అనొచ్చుగానీ ఆ మాటతో ఒక పొరపాటు అభిప్రాయం కలుగుతుంది. పాలు పొంగితే పొయ్యి మీద మరక పడుతుంది, మాడిన వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొస్తారు. గడి పొంగితే మరకా ఉండదు, వాసనా ఉండదు. ఎక్కువైన భాగం మాయమై, మిగిలింది చూడ్డానికి నిక్షేపంలాంటి సంఖ్యలాగే ఉంటుంది.

దీనికి సరైన పోలిక మన పంచాంగంలోనే ఉంది. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే 60 సంవత్సరాల చక్రం అది. అక్షయ అయిపోగానే 61వ పేరు రాదు, మళ్లీ ప్రభవే వస్తుంది. విశ్వావసులో పుట్టానని ఒకరు చెబితే ఆ మాట ఒక్కటే పట్టుకుని వయసు తేల్చలేం. 1965 ఉగాది తర్వాత పుట్టి షష్టిపూర్తి చేసుకున్నవారు కావొచ్చు, 2025 ఉగాది తర్వాత పుట్టిన పసిబిడ్డ కావొచ్చు. పెద్దవాళ్లకు ఈ ఇబ్బంది తెలుసు కాబట్టే శాసనాల్లో సంవత్సరం పేరుతోపాటు శక సంవత్సరపు అంకె కూడా చెక్కించేవారు. యంత్రంలో ఆ రెండో అంకె ఉండదు. గడి ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పేవారు ఎవరూ ఉండరు.

మళ్లీ పట్టాల దగ్గరికే వద్దాం. నిండు బాక్స్‌ఎన్ వ్యాగన్ బరువు, పాత ప్రమాణం ప్రకారం, 81.28 టన్నులు. ఖాళీగా ఉన్నప్పుడు 22.47 టన్నులు. ఈ బరువును కిలోల్లో రాసుకునే ఒక కాటా ఉందనుకుందాం. దాని ప్రోగ్రాము రాసినవారు బరువుకు 16 బిట్ల గడి ఇచ్చారనుకుందాం. అందులో పట్టేది 65,535 దాకానే. నిండు వ్యాగన్ 81,280 కిలోలు. గడిలో మిగిలేది 81,280లోంచి 65,536 పోగా 15,744. బొగ్గు నిండిన వ్యాగన్ ఖాళీ వ్యాగన్ కంటే తేలిగ్గా తూగిందన్నమాట. పైగా ఖాళీ వ్యాగన్లతో ఈ కాటాను పరీక్షిస్తే ప్రతిసారీ సరైన బరువే చూపిస్తుంది.

గడి పెద్దది చేసినంత మాత్రాన బెడద తీరదు. 32 బిట్లు ఇచ్చి, ఈసారి కచ్చితత్వం కోసం గ్రాముల్లో రాశారనుకుందాం. రుణ సంఖ్యలకు కూడా చోటు ఉంచితే 32 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 214,74,83,647. అంటే 2,147 టన్నుల చిల్లర. ఒక్క రేక్‌లోని 58 వ్యాగన్ల బొగ్గే 3,410 టన్నులు దాటుతుంది. మొత్తం కూడి చూస్తే తెర మీద కనిపించేది దాదాపు మైనస్ 884 టన్నులు. పర్సుడీహ్‌లోనే ఉన్న వ్యవసాయ మార్కెట్ యార్డులో ఒక టోకు వ్యాపారి తన ఖాతా మొత్తాన్ని పైసల్లో ఇలాంటి గడిలోనే దాచుకుంటే, 2,14,74,836 రూపాయల 47 పైసల దగ్గర గోడ తగులుతుంది. టోకు బియ్యం, పప్పుల వ్యాపారంలో అది ఊహకందని మొత్తమేమీ కాదు.

కూడికలో మైనస్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒకసారి చిన్న గడిలో దగ్గరగా చూడాలి. 8 బిట్లలో రుణ సంఖ్యలకూ చోటివ్వాలంటే ఎడమ చివరి బిట్‌ను గుర్తు కోసం వాడతారు. అది 0 అయితే ధనం, 1 అయితే రుణం. అప్పుడు గడిలో పట్టేవి మైనస్ 128 నుంచి 127 దాకా. 100ను ద్విసంఖ్యామానంలో రాస్తే 01100100. యాభై 00110010. కూడితే 10010110. చేత్తో కూడినా ఇదే వస్తుంది, ఇందులో తప్పు లేదు. కానీ ఎడమ చివర 1 వచ్చి కూర్చుంది. యంత్రం దాన్ని 150గా చదవదు, మైనస్ 106గా చదువుతుంది. రెండు ధన సంఖ్యలు కూడితే రుణ సంఖ్య వచ్చింది. ఈ అసంబద్ధతే ఓవర్‌ఫ్లోను పట్టుకునే మొదటి ఆనవాలు. కూడిన రెండింటి గుర్తులూ ఒకటై, ఫలితం గుర్తు వేరైతే గడి పొంగినట్టే. గుర్తులు వేరువేరుగా ఉన్న సంఖ్యలను కూడితే పొంగడం అసాధ్యం, ఒకటి పెంచుతుంటే ఇంకొకటి తగ్గిస్తుంది కాబట్టి.

ఇదంతా తరగతి గది లెక్కలా అనిపించొచ్చు. శ్రీహరికోటలో 1993 సెప్టెంబర్ 20న జరిగినది గుర్తు చేసుకుంటే అలా అనిపించదు. ఆ రోజు పీఎస్‌ఎల్‌వీ తొలిసారి నింగికెగిరింది. అందులో ఐఆర్‌ఎస్-1ఈ ఉపగ్రహం ఉంది. రెండో దశ విడిపోయే సమయంలో రాకెట్ భంగిమ చెదిరింది. చెదిరితే సరిదిద్దడానికే లోపల కంప్యూటర్ ఉంది. కానీ రాకెట్ ముక్కును పైకీ కిందికీ దిద్దే పిచ్ నియంత్రణ లూప్‌లో ఒక సాఫ్ట్‌వేర్ తప్పు దాగి ఉంది. నియంత్రణ ఆదేశం నిర్దేశించిన గరిష్ఠ విలువను దాటినప్పుడు మాత్రమే బయటపడే తప్పు అది. ఆదేశం హద్దులో ఉన్నంతసేపూ అంతా సవ్యంగానే నడుస్తుంది. ఆ రోజు ఆదేశం హద్దు దాటింది. ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు, బంగాళాఖాతంలో పడింది. ఇస్రో లోపాన్ని వెతికి పట్టుకుని సరిదిద్దింది. 1994 అక్టోబర్ 15న రెండో పీఎస్‌ఎల్‌వీ ఐఆర్‌ఎస్-పీ2ను కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఆ తర్వాత ఆ రాకెట్ చరిత్ర అందరికీ తెలిసిందే.

మూడేళ్లు తిరక్కుండానే దక్షిణ అమెరికాలోని కూరూ నుంచి యూరప్‌వారి ఏరియాన్-5 తొలిసారి లేచింది. 1996 జూన్ 4. నేల విడిచిన 40 సెకన్ల లోపే దారి తప్పి ముక్కలైపోయింది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు దానితోపాటే పోయాయి. గణిత శాస్త్రవేత్త జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన వేసిన కమిటీ కారణాన్ని పూసగుచ్చినట్టు రాసింది. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక విలువ 64 బిట్ల దశాంశ రూపంలో ఉంది. దాన్ని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే పట్టలేదు. ఆ ప్రోగ్రాము ఏరియాన్-4 నుంచి తెచ్చుకున్నది. పాత రాకెట్ అంత వేగంగా అడ్డంగా సాగేది కాదు కాబట్టి అక్కడ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇలా పొంగే అవకాశమున్న చలరాశులు ఏడున్నాయని రాసినవారికి ముందే తెలుసు. కంప్యూటర్ మీద పని భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం కోసం నాలుగింటికే కాపలా పెట్టి మూడింటిని వదిలేశారు. ఆ మూడింట్లో ఒకటి పొంగింది. తోడుగా పెట్టిన రెండో కంప్యూటర్లోనూ అదే ప్రోగ్రాము, కాబట్టి అది కూడా అదే కారణంతో ఆగిపోయింది.

ఈ రెండు రాకెట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఏరియాన్‌లో ఓవర్‌ఫ్లో దాక్కోలేదు. ఏడా భాషలో రాసిన ఆ ప్రోగ్రాము తప్పును ఆ క్షణంలోనే పట్టుకుంది. పట్టుకుని ఏం చేసింది? అలాంటి తప్పు వస్తే కంప్యూటర్ను ఆపేయమని ముందే రాసి ఉంది కాబట్టి ఆపేసింది. ఆ లెక్కతో నేల విడిచాక అవసరమే లేదు, అది ప్రయోగానికి ముందు సర్దుబాట్ల కోసం ఉద్దేశించిన లెక్క. అక్కర్లేని లెక్క పొంగినందుకు అక్కరున్న కంప్యూటర్ ఆగిపోయింది. అంటే ఓవర్‌ఫ్లోను పట్టుకోవడం వేరు, భద్రంగా పట్టుకోవడం వేరు. హద్దు ఎక్కడుందో తెలియాలి, దాటబోతే తెలియాలి, దాటితే ఏం చేయాలో ప్రోగ్రాము రాసేటప్పుడే నిర్ణయించి ఉండాలి. ఈ మూడింట్లో ఒకటి కొరవడినా మిగతా రెండూ ఆదుకోలేవు.

యంత్రానికి దగ్గరగా పనిచేసే ప్రోగ్రాములు ఎక్కువగా సీ భాషలో ఉంటాయి. అక్కడ ఈ పట్టుకోవడమే ఒక పెద్ద చిక్కు. కొత్తగా నేర్చుకున్నవారు రాసే తనిఖీ దాదాపు ఒకేలా ఉంటుంది: ముందు కూడేయ్, తర్వాత ఫలితం మొదటి సంఖ్య కంటే చిన్నదైందేమో చూడు. ఎ అనే సంఖ్యకు 100 కలిపితే ఎ కంటే తక్కువ వచ్చిందంటే పొంగినట్టే కదా అన్నది వారి తర్కం. రుణ సంఖ్యలు లేని గడుల్లో ఈ తర్కం నూటికి నూరుపాళ్లు సరైనదే. అలాంటి గడి చుట్టు తిరిగి మొదటికి వస్తుందని సీ భాష ప్రమాణమే హామీ ఇస్తుంది. రుణ సంఖ్యలున్న గడి విషయంలో ఆ హామీ లేదు. అక్కడ ఓవర్‌ఫ్లో జరిగితే ఏమవుతుందో భాష చెప్పదు. సరైన ప్రోగ్రాములో అది జరగనే జరగదని మాత్రం అనుకుంటుంది.

మనం రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ ఆ అనుకోవడాన్ని అక్షరాలా పాటిస్తుంది. ఎ కు 100 కలిపితే ఎ కంటే తక్కువ రావడం ఓవర్‌ఫ్లో లేకుండా అసాధ్యం. ఓవర్‌ఫ్లో జరగదని భాష అంటోంది. కాబట్టి ఈ తనిఖీ ఎప్పటికీ నిజం కాదు. ఎప్పటికీ నిజం కాని తనిఖీ దండగ. కంపైలర్ దాన్ని తీసేస్తుంది. ప్రోగ్రాము వేగంగా నడవాలన్న సదుద్దేశంతో చేసే పనే ఇది. 2007 జనవరిలో జీసీసీ కంపైలర్ తప్పుల పట్టికలో 30475వ నంబరుతో సరిగ్గా ఈ ఫిర్యాదే నమోదైంది: భద్రత కోసం రాసుకున్న తనిఖీని కంపైలర్ తీసేసిందని. వాదోపవాదాలు చాలా జరిగాయి. ప్రమాణం కంపైలర్ పక్షానే ఉంది. కాపలాదారు జీతం తీసుకుంటూనే ఉన్నాడనుకుంటాం, ఆయన పేరు పట్టీలోంచి ఎప్పుడో కొట్టేశారని దొంగతనం జరిగాకగానీ తెలియదు.

అందుకే రుణ సంఖ్యలున్న చోట తనిఖీ కూడికకు ముందే జరగాలి. కుంచంలో బియ్యం పోసేముందు ఇంకా ఎంత పడుతుందో చూసుకున్నట్టు. ఎ, బి రెండూ ధన సంఖ్యలైతే, గడిలో పట్టే గరిష్ఠం లోంచి ఎ తీసేయాలి. మిగిలిన చోటు కంటే బి పెద్దదైతే కూడకూడదు. ఈ తీసివేత ఎన్నటికీ పొంగదు, అదే ఈ పద్ధతిలోని బలం. రుణ సంఖ్యలకు కనిష్ఠం వైపు నుంచి ఇదే లెక్క. గుణకారానికైతే గరిష్ఠాన్ని ఎ తో భాగించి, వచ్చినదానికంటే బి పెద్దదేమో చూడాలి. ఎ సున్నా కాదని ముందు తేల్చుకోవాలి.

గుణకారం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఒక్కోటి ఇన్ని బైట్ల చొప్పున ఇన్ని వస్తువులకు జాగా కావాలని ప్రోగ్రాము అడుగుతుంది. ఆ రెండు సంఖ్యలనూ గుణించినప్పుడు గడి పొంగితే దొరికేది చిన్న జాగా, అందులో పోయబోయేది పెద్ద సరుకు. పక్కనున్న సమాచారం మీద పడి చెరిపేస్తుంది. దాడులు చేసేవారు ఎక్కువగా వాడుకునే దారుల్లో ఇదొకటి. 2015లో ఆండ్రాయిడ్ ఫోన్లను కుదిపేసిన స్టేజ్‌ఫ్రైట్ లోపాల్లో ఇలాంటి ఓవర్‌ఫ్లోలు ఉన్నాయి.

ఇంకొన్ని మూలలున్నాయి, చాలామంది కళ్లకు ఆనవు. 8 బిట్ల గడిలో మైనస్ 128 ఉంది గానీ 128 లేదు. అందుచేత మైనస్ 128 గుర్తు తిప్పినా, దాన్ని మైనస్ ఒకటితో భాగించినా జవాబుకు చోటుండదు. భాగహారం కూడా పొంగుతుందంటే మొదట ఎవరూ నమ్మరు. సగటు కట్టడం ఇంకో మూల. పేర్ల జాబితాలో ఒక పేరును సగం సగం చేస్తూ వెతికే పద్ధతి ప్రతి కంప్యూటర్ విద్యార్థీ మొదటి ఏడాదిలోనే నేర్చుకుంటాడు. మధ్య స్థానం కోసం మొదటిదీ చివరిదీ కూడి రెండుతో భాగించమని పుస్తకాల్లో ఉంటుంది. జాబితా చాలా పెద్దదైతే ఆ కూడికే పొంగుతుంది. జావా భాష సొంత గ్రంథాలయంలోనే ఈ తప్పు సుమారు తొమ్మిదేళ్లు ఉండిపోయింది. దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో తానే ముందుకొచ్చి లోకానికి చెప్పాడు. మందు చిన్నదే: చివరిదాంట్లోంచి మొదటిది తీసేసి, సగం చేసి, మొదటిదానికి కలపాలి. ఒక ఇంజనీరు తన తప్పును తానే ఇంత బాహాటంగా చెప్పడం వల్ల ఎన్ని వేల ప్రోగ్రాములు బాగుపడ్డాయో.

అసలు ప్రాసెసర్‌కు ఈ సంగతి తెలియదా అంటే, చాలా ప్రాసెసర్లకు తెలుసు. ఇంటెల్ రకం చిప్‌లలో ప్రతి కూడిక తర్వాతా రెండు చిన్న జెండాలు మారుతుంటాయి. రుణ సంఖ్యల లెక్క పొంగితే ఓవర్‌ఫ్లో జెండా, ధన సంఖ్యల లెక్క పొంగితే క్యారీ జెండా లేస్తుంది. ఫోన్లలోని ఆర్మ్ చిప్‌లలోనూ ఇదే ఏర్పాటు. సీ భాషలో మామూలుగా కూడినప్పుడు ఆ జెండాల వైపు చూసే వీలు ఉండదు, కష్టమంతా అక్కడే. మద్రాసు ఐఐటీ తయారుచేసిన శక్తి, సీడాక్ తయారుచేసిన వేగ ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ కుటుంబానివి. ఆ కుటుంబంలో పూర్ణాంకాల కూడికకు ఇలాంటి జెండాలే లేవు. కూడిన తర్వాత ఫలితాన్ని ఒక సంఖ్యతో పోల్చి, చిన్నదైతే పక్క దారికి మళ్లించే ఆదేశం ఇంకొకటి రాయాలి. ధన సంఖ్యలకు ఆ ఒక్క ఆదేశం చాలు.

జెండాలను సీ భాషలోంచి చూసే కిటికీ ఇప్పుడు ఉంది. 2015లో వచ్చిన జీసీసీ 5లో, క్లాంగ్ కంపైలర్‌లో దీనికి ప్రత్యేక ఫంక్షన్లు పెట్టారు. కూడి ఫలితం ఇస్తాయి, పొంగిందో లేదో కూడా అవునూ కాదుల్లో చెబుతాయి. సీ భాష తాజా ప్రమాణం సీ23 వీటినే ప్రామాణికం చేసి, కూడిక, తీసివేత, గుణకారాలకు తనిఖీతో కూడిన మూడు రూపాలు ఇచ్చింది. చేత్తో రాసిన తనిఖీ కంటే ఇవి మేలు. మనిషి గుర్తుల లెక్కలో పొరపడతాడు, ఇవి పొరపడవు. రస్ట్ భాష ఇంకో అడుగు ముందుకేసింది. ఏ కూడిక కావాలో పేరుపెట్టి అడగమంటుంది: పొంగితే చెప్పేదా, చుట్టు తిరిగేదా, హద్దు దగ్గరే ఆగేదా? పేరు చెప్పకుండా మామూలు కూడిక రాస్తే పరీక్ష దశలో ప్రోగ్రాము ఆగిపోతుంది, తుది రూపంలో మాత్రం వేగం కోసం చుట్టు తిరుగుతుంది. ఆ తేడా తెలియకుండా రస్ట్ రాస్తే సురక్షితమనుకోవడం పొరపాటు.

ఉన్న పాత ప్రోగ్రాములన్నీ తిరగరాయడం ఎవరి తరమూ కాదు. వాటి కోసం శానిటైజర్ అనే సాధనం ఉంది. కంపైలర్‌కు ఒక్క మాట చెబితే, ప్రతి లెక్క పక్కనా కాపలా పెట్టి, నడుస్తున్నప్పుడు ఎక్కడ పొంగితే అక్కడ ఫైలు పేరు, వరుస నంబరుతో సహా చెబుతుంది. యూటా విశ్వవిద్యాలయంలోని జాన్ రెగెర్, ఇలినాయ్‌లోని విక్రమ్ ఆడ్వే బృందాలు 2012లో ఇలాంటి సాధనంతో పేరున్న సీ, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములను జల్లెడ పట్టాయి. ఓవర్‌ఫ్లోలు అనుకున్నదానికంటే ఎక్కువగా దొరికాయి. ఓవర్‌ఫ్లో రాకుండా కాపాడడానికే రాసిన గ్రంథాలయాల్లో కూడా దొరికాయి. అనుభవజ్ఞుల కళ్లకు కూడా ఇది కనిపించదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పట్టుకున్నాక ఏం చేయాలన్నది లెక్క స్వభావాన్ని బట్టి ఉంటుంది. సంవత్సరాల పేర్లకు, గడియారం ముల్లుకు చుట్టు తిరగడమే ధర్మం. కాటా దగ్గర చుట్టు తిరగడం మోసం అవుతుంది. అక్కడ తూకం చెల్లదని చెప్పి ఆగాలి. రాకెట్‌లో ఆగడం అంటే చావడమే, ఆదేశాన్ని గరిష్ఠం దగ్గరే బిగబట్టి ఉంచాలి. ముక్కును 10 పాళ్లు తిప్పమని అడిగినప్పుడు 8 పాళ్లకు మించి తిరగకపోతే ఆ 8 దగ్గరే ఉండనివ్వాలి, చుట్టు తిరిగి అవతలి వైపు వెళ్లనివ్వకూడదు. ఇక ఇరుసుల లెక్కలో అనుమానం వస్తే లైను ఖాళీ అనకూడదు, బండి ఉందనే అనాలి. బండ్లు ఆలస్యమవుతాయి, అంతే.

అనుమానపు వైపు తప్పుగా ఎంచుకుంటే ఏమవుతుందో థెరక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం చూపించింది. అందులో ఒక గడి సున్నా కాకపోతే యంత్రం అమరిక తనిఖీ చేయాలని, సున్నా అయితే అక్కర్లేదని అర్థం. గడిని సున్నా కాకుండా చేయడానికి ప్రోగ్రాము ప్రతిసారీ దానికి ఒకటి కలిపేది. అది 8 బిట్ల గడి. 256 సార్లకొకసారి అది సున్నాకు తిరిగేది, ఆ క్షణంలో తనిఖీ జరిగేది కాదు. 1987 జనవరిలో అమెరికాలోని యాకిమాలో ఒక రోగికి మీట నొక్కిన ఘడియ సరిగ్గా ఆ క్షణంతో కలిసింది. అధిక మోతాదు రేడియేషన్ తగిలింది. తర్వాత చేసిన సవరణ ఏమిటంటే, ఒకటి కలపడం మానేసి గడిలో సున్నా కాని ఒక స్థిర సంఖ్యను పెట్టడం. ఒక్క వరుస.

లైనక్స్ కెర్నల్ రాసినవారు చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. యంత్రం మొదలైన దగ్గర్నుంచి ఎన్ని టిక్కులు గడిచాయో లెక్కించే గడి అందులో ఉంది. 32 బిట్ల యంత్రాల్లో అది వారాలో నెలలో గడిచాక పొంగుతుంది. అన్నాళ్లు ఆగి పరీక్షించేదెవరు? అందుకని గడిని సున్నాతో కాకుండా, 5 నిమిషాల్లో పొంగిపోయే సంఖ్యతో మొదలుపెట్టారు. తప్పుగా రాసిన డ్రైవరు ప్రోగ్రాము ఏదైనా ఉంటే యంత్రం తెరిచిన 5 నిమిషాలకే బయటపడుతుంది, రాసినవారి బల్ల మీదే. దీనికి భిన్నంగా బోయింగ్ 787 విమానంలో విద్యుత్తును నియంత్రించే యూనిట్ల గడి 248 రోజులు ఏకబిగిన కరెంటు ఉంటే పొంగుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెడితే, రుణ సంఖ్యలకూ చోటున్న 32 బిట్ల గడికి ఆ 248 రోజులే ఆయుష్షు.

అలాంటి ఆయుష్షు ఇంకో గడికి దగ్గరపడుతోంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కించే పాత 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న, మంగళవారం, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. మరుసటి సెకనులో తేదీ 1901 డిసెంబర్‌కు వెళ్తుంది. తెలుగు లెక్కలో 2038 జనవరి పింగళ నామ సంవత్సరంలో పడుతుంది. కొత్త కంప్యూటర్లలో, ఫోన్లలో 64 బిట్ల గడియారం వచ్చేసింది. పట్టాల పక్కన, పంపుసెట్ల దగ్గర, కాటాల్లో, మీటర్లలో ఇవాళ బిగిస్తున్న చిన్న పరికరాలు మాత్రం ఆనాటికి ఇంకా పనిలోనే ఉంటాయి. ఆదిత్యపూర్‌లోని ఎన్‌ఐటీలోనో, తెలుగు రాష్ట్రాల కాలేజీల్లోనో చదువుతూ అలాంటి పరికరానికి ప్రోగ్రాము రాస్తున్నవారు చేయగలిగింది ఒకటుంది. శానిటైజర్ పెట్టి కంపైల్ చేయండి, పరికరం తేదీని ఆ రోజు ఉదయం 8 గంటల 43 నిమిషాలకు తిప్పి, రెండు నిమిషాలు పక్కనే కూర్చుని చూడండి.